వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు



ఇంట్లో మీ పక్కన ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం పిలవండి. మీరు కళ్లు మూసుకోండి. వాళ్లని గదిలో ఎక్కడో ఒకచోట నిలబడి చిటిక వేయమనండి. ముందు, వెనక, కిటికీ దగ్గర, ఎక్కడైనా సరే. చిటిక ఎటు నుంచి వచ్చిందో వేలుపెట్టి చూపించండి. చాలాసార్లు సరిగ్గానే చూపిస్తారు. నెలల పసిబిడ్డ కూడా చప్పుడైన వైపు తల తిప్పుతుంది. ఈ విద్య మనకెవరూ నేర్పలేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ చిటిక గురించే. కంప్యూటర్లో ఆట ఆడుతున్నాం. తెర మీద ఎదుట గోడ కనిపిస్తోంది. వీపు వెనక ఎవరో నడిచి వస్తున్నారు. ఆ అడుగుల చప్పుడు వెనక నుంచే వస్తోందని చెవికి తెలియాలి. అలా తెలియాలంటే, కంప్యూటర్లో శబ్దం పని చూసే సౌండ్ కార్డు విడిగా కొనాలా? కొంటే ఎలాంటిది కొనాలి? ఈ ప్రశ్న ఆటలాడే పిల్లల్ని వేధిస్తుంది, డబ్బు కట్టే తల్లిదండ్రుల్నీ వేధిస్తుంది. ఇద్దరితోనూ మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఒక్క మాట. దీన్ని మధ్యమధ్యలో మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. సౌండ్ కార్డు ఎంపిక కార్డు దగ్గర మొదలుకాదు. చెవి దగ్గర మొదలవుతుంది. మీరు వినేది హెడ్‌ఫోన్స్‌తోనా, స్పీకర్లతోనా? అది ముందు తేలాలి. దాన్ని కంప్యూటర్‌కి ఏ కేబుల్‌తో కలుపుతారు? అది తరవాత తేలాలి. ఆ రెండూ తేలాక కార్డు మాట. ముందు చెవి, తరవాత కేబుల్, ఆఖర్న కార్డు.

ఇంతకీ ఆ చిటిక ఎటు నుంచి వచ్చిందో మనకెలా తెలిసింది?

చెవులు రెండు. మధ్యలో తల అడ్డం. కుడిపక్క చిటిక వేస్తే ఆ చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యం? సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అంత చిన్న తేడానీ మెదడు పట్టేస్తుంది. పైగా తల అడ్డుపడటం వల్ల ఎడమ చెవికి ఆ చప్పుడు కొంచెం మెత్తగా అందుతుంది. కుడీ ఎడమా ఇలా తెలుస్తాయి.

మరి ముందూ వెనకా? ముక్కుకి సూటిగా ఎదురుగా చిటిక వేసినా, తల వెనక సూటిగా వేసినా రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది కదా. అక్కడ పనిచేసేది బయటికి కనిపించే చెవిడొప్ప. దాని మడతలూ వంపులూ ఊరికే లేవు. ముందు నుంచి వచ్చిన చప్పుడుని ఒకలా, వెనక నుంచి వచ్చినదాన్ని ఇంకోలా కొద్దిగా మార్చి లోపలికి పంపుతాయి. ఆ మార్పుని బట్టి మెదడు దిక్కు చెబుతుంది.

ఈ మార్పుని కొలవచ్చు. 1994లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో ఒక మనిషి బొమ్మని కూర్చోబెట్టారు. ఆ బొమ్మ పేరు కెమార్. దాని చెవుల్లో మైకులు పెట్టారు. చుట్టూ ఎన్నో దిక్కుల నుంచి చప్పుళ్లు వినిపించి, ఏ దిక్కు చప్పుడు చెవిలోపలికి ఎలా చేరుతోందో రాసుకున్నారు. ఆ కొలతల్ని ఎవరైనా వాడుకోవచ్చని అందరికీ ఇచ్చేశారు. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. ఎందుకంటే, ఈ లెక్కలు చేతిలో ఉంటే వెనక చప్పుడు కోసం వెనక స్పీకరే అక్కర్లేదు. కుడి చెవికి ఏం పంపాలో, ఎడమ చెవికి ఏం పంపాలో లెక్కగట్టి పంపితే చాలు. మామూలు రెండు చెవుల హెడ్‌ఫోన్స్‌లోనే అడుగులు వెనక నుంచి వినిపిస్తాయి.

ఆ లెక్క ఎవరు కడతారు? ఒకప్పుడు సౌండ్ కార్డు కట్టేది. ఇప్పుడు చాలావరకు ఆట తనే కట్టుకుంటోంది. ఈ మార్పు ఎలా జరిగిందో తెలిస్తే, కొనేటప్పుడు సగం గందరగోళం దానంతటదే పోతుంది. అందుకని కాస్త వెనక్కి వెళ్దాం.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. అందులో ఉన్నది ఒక చిన్న స్పీకరు. బీప్ మనడం దానికి తెలిసిన భాష. 1987లో కెనడాలోని క్యూబెక్ నుంచి యాడ్‌లిబ్ అనే కార్డు వచ్చింది. దాన్ని తయారు చేయించినాయన మార్టిన్ ప్రెవెల్, సంగీతం చెప్పే ప్రొఫెసరు. ఆ కార్డులో యమహా చిప్ ఉండేది. కంప్యూటర్ ఆటల్లో సంగీతం లాంటి సంగీతం అప్పుడు వినిపించింది. రెండేళ్లకి, 1989లో, సింగపూర్‌లో సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. అది సంగీతమే కాదు, రికార్డు చేసిన మాటనీ, తుపాకి మోతనీ వినిపించగలిగింది. ఆ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, చాలా ఏళ్లపాటు సౌండ్ కార్డు అంటే సౌండ్ బ్లాస్టరే.

ఆ రోజుల్లో కార్డు కొనాలా వద్దా అనే ప్రశ్నే లేదు. కార్డు లేకపోతే కంప్యూటర్ మూగది.

తరవాత వచ్చిన కథ మాత్రం మనసుని పట్టేస్తుంది. ఆరియల్ అని ఒక అమెరికా కంపెనీ ఉండేది. నాసా పరిశోధనల కోసం చెవి చుట్టూ చప్పుళ్లు పేర్చే యంత్రాలు చేసిన ఒక చిన్న సంస్థని అది 1996లో తనలో కలుపుకుంది. ఆ తెలివిని ఆటల్లోకి దింపింది. పేరు ఏ3డీ. 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ ఆటని ఆరియల్ కార్డు మీద ఆడినవాళ్లు, మామూలు హెడ్‌ఫోన్స్‌లోనే శత్రువు ఏ మూల ఉన్నాడో పసిగట్టగలిగారు. గోడలకి తగిలి వెనక్కి వచ్చే చప్పుడుని కూడా ఆ కార్డు లెక్కగట్టేది. ఇది జరిగింది పాతికేళ్లకి పైమాట!

అదే ఏడు క్రియేటివ్ కంపెనీ పేటెంట్ విషయమై ఆరియల్ మీద కేసు వేసింది. ఆరియల్ కూడా ఎదురు కేసు వేసింది. 1999 డిసెంబర్‌లో తీర్పు ఆరియల్ వైపు వచ్చింది. కానీ లాయర్లకి పెట్టిన ఖర్చుతోనే ఆరియల్ చితికిపోయింది. 2000లో దివాలా తీసింది. దాని ఆస్తుల్ని కొనుక్కున్నది ఎవరో తెలుసా? క్రియేటివే. కేసు గెలిచిన కంపెనీ ఓడిన కంపెనీ చేతుల్లోకి వెళ్లింది. ఏ3డీ అక్కడితో ఆగిపోయింది. ఆ పోటీ బతికుంటే ఆటల్లో శబ్దం ఇంకెంత ముందుకి పోయేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకో మలుపు 2007లో. విండోస్ విస్టా వచ్చింది. అంతకుముందు ఆటలోని శబ్దం పనిని విండోస్ నేరుగా కార్డుకి అప్పజెప్పేది. కార్డుల్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులుంటే కంప్యూటర్ మొత్తం పడిపోయేది. తెర నీలంగా మారి నిలిచిపోయేది. అందుకని మైక్రోసాఫ్ట్ ఆ నేరుదారి మూసేసింది. శబ్దం లెక్కలు ఇకమీదట ప్రాసెసరే చేసుకుంటుందని తేల్చేసింది. అప్పటికే మదర్‌బోర్డుల్లోనే సౌండ్ చిప్ వస్తోంది. ప్రాసెసర్లు కూడా బలపడ్డాయి. దాంతో ఆటలు కట్టేవాళ్లు దిక్కుల లెక్కని ఆటలోనే రాసుకోవడం మొదలుపెట్టారు.

మన ఊళ్లలో నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడుతూ పెరిగినవాళ్లకి ఇప్పుడు నలభై దగ్గర పడుతుంటాయి. మంచి సౌండ్ కార్డు ఉంటేనే అడుగులు బాగా వినిపిస్తాయని వాళ్లు అప్పుడు విన్న మాట, అప్పటికి నిజమే. ఇప్పుడు అదే కౌంటర్ స్ట్రైక్‌లో దిక్కుల లెక్క ఆటలోపలే ఉంది. వాలరెంట్ అనే ఆటలోనూ ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, అంతే.

కాబట్టి సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పిల్లల కోసం కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తున్నారనుకోండి. సౌండ్ సంగతేమిటని అడిగితే, మదర్‌బోర్డులోనే వస్తుంది సార్ అంటాడు షాపతను. ఆ మాట చాలామందికి సరిపోతుంది. నేనూ అదే అంటాను. ముందు మదర్‌బోర్డు సౌండ్‌తో ఒక నెల ఆడండి. ఏది తక్కువైందో మీ చెవి చెప్పాక కార్డు సంగతి చూడొచ్చు.

ఇప్పుడు మళ్లీ మన మొదటి ప్రశ్నకి వద్దాం. దేనితో వింటారు?

హెడ్‌ఫోన్స్ అంటారా? అయితే శ్రద్ధగా వినండి. దుకాణంలో అట్టపెట్టె మీద 7.1 సరౌండ్ అని పెద్ద అక్షరాలుంటాయి. ఎనిమిది స్పీకర్లున్నాయేమో అనిపిస్తుంది. విప్పి చూస్తే దాదాపు అన్నిటిలోనూ చెవికొకటి చొప్పున రెండే ఉంటాయి. అది మోసమేమీ కాదు. ఇందాక చెప్పుకున్న బొమ్మ తల లాంటి లెక్కే అందులోనూ ఉంటుంది. కానీ ఆ లెక్క మీ దగ్గర ఇప్పటికే ఉంది. విండోస్ 10లో, 11లో స్పేషియల్ సౌండ్ అనే సెట్టింగ్ ఉంటుంది. అందులో విండోస్ సోనిక్ ఉచితం. డాల్బీ అట్మాస్, డీటీఎస్ కావాలంటే డబ్బు కట్టాలి. మామూలు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఇవి పనిచేస్తాయి.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఆట ఒకసారి దిక్కుల లెక్క కడుతుంది. దాని మీద విండోస్ ఇంకోసారి కడుతుంది. దాని మీద హెడ్‌సెట్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ మూడోసారి కడుతుంది. అప్పుడు ఏమవుతుంది? చప్పుడు ఏదో పెద్ద హాల్లో మోగినట్టు చెదిరిపోతుంది. ముందు ఏదో వెనక ఏదో తెలియదు. సరౌండ్ అన్నారు, ఏమీ లేదే అని పిల్లలు నిరాశపడతారు. ఆ మీదట వెయ్యి రూపాయల హెడ్‌సెట్ తీసేసి పదివేలది కొనిపించమంటారు. తప్పు హెడ్‌సెట్‌ది కాదు. లెక్క ఒక్కసారే కట్టాలి. మళ్లీ చెబుతున్నాను, ఒక్కసారే. ఆటలో సొంత ఏర్పాటు ఉంటే దాన్ని ఉంచి, మిగతావన్నీ ఆపేయండి. ఆటలో లేకపోతే విండోస్‌ది ఒక్కటే ఆన్ చేయండి.

సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం సులువు. ప్రాక్టీస్ మ్యాప్‌లో స్నేహితుణ్ణి మీ చుట్టూ నడవమనండి. మీరు కళ్లు మూసుకుని వేలు చూపించండి. ఇందాకటి చిటిక పరీక్షే. ఒకరికి విండోస్ సోనిక్ నప్పుతుంది, ఇంకొకరికి డాల్బీ నప్పుతుంది. కారణం మన చెవిడొప్పలే. లెక్కకి తీసుకున్న చెవులకి దగ్గరగా ఉన్న చెవులవాళ్లకి దిక్కు చక్కగా తెలుస్తుంది. మరీ వేరుగా ఉన్నవాళ్లకి ఎదుటి చప్పుడు తలలోపలే మోగినట్టుంటుంది. అందుకే ఇంకొకరి మెప్పు చూసి కొనకండి. మీ చెవితో వినండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పాటలకి హాయి. పోటీ ఆటలకి వద్దు. తుపాకి తెర మీద పేలాక చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది. మైకు ఆన్ చేయగానే చాలావాటిలో శబ్దం ఫోన్ కాల్ స్థాయికి దిగిపోతుంది. వైరు ఉన్నవే ఆటకి మంచివి.

ఇక స్పీకర్లు. ఇక్కడే అసలు చిక్కులున్నాయి. సౌండ్ కార్డుకి నిజంగా పని పడేదీ ఇక్కడే.

5.1 సెట్ అంటే మీకు తెలుసు. ముందు కుడీ ఎడమా రెండు, మధ్యలో మాటల కోసం ఒకటి, వెనక రెండు, కింద గుబగుబలాడించే వూఫర్ ఒకటి. దీన్ని కంప్యూటర్‌కి కలపడానికి మూడు దారులున్నాయి. దారిని బట్టే కార్డు. అందుకే చెవి తరవాత కేబుల్ అన్నాను.

మొదటి దారి పాతది. మూడు పిన్నులు. ఆకుపచ్చ పిన్ను ముందు స్పీకర్లకి, నలుపు వెనకవాటికి, నారింజ మధ్య స్పీకరుకీ వూఫర్‌కీ. మీ కంప్యూటర్ వెనక ఈ మూడు రంగుల సాకెట్లూ ఉంటే కార్డు అక్కర్లేదు. నేరుగా గుచ్చేయండి. కొన్ని మదర్‌బోర్డుల మీద నారింజ, నలుపు ఉండవు. ఆకుపచ్చ, నీలం, గులాబీ మూడే ఉంటాయి. అలాంటివాటిలో చాలావాటికి సౌండ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి 5.1 ఎంచుకుంటే నీలం, గులాబీ సాకెట్లే వెనక స్పీకర్లకీ మధ్య స్పీకరుకీ పనిచేస్తాయి. ల్యాప్‌టాప్‌కైతే ఉండేది ఒక్కటే రంధ్రం. అక్కడ మాత్రం కొనాల్సిందే. యూఎస్‌బీకి తగిలించే బయటి సౌండ్ కార్డు, మూడు స్పీకర్ సాకెట్లున్నది అడగండి. ఒకే సాకెట్ ఉన్న చిన్న అడాప్టర్ మీద 7.1 అని రాసి అమ్ముతుంటారు. దానికి అయిదు స్పీకర్లు ఎక్కడ గుచ్చుతారు? పెట్టె మీద రాతని కాదు, రంధ్రాల్ని లెక్కపెట్టండి.

రెండో దారి ఆప్టికల్ కేబుల్. చివర్న ఎర్రటి వెలుగు కనిపిస్తుందే, అది. ఇంట్లో హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు కంప్యూటర్‌ని దీనితో కలుపుతారు. డీవీడీ సినిమా పెడతారు. అయిదు దిక్కుల నుంచీ మోత మోగిపోతుంది. సంతోషిస్తారు. అదే కేబుల్ మీద ఆట పెడతారు. వెనక స్పీకర్లు మూగబోతాయి. ముందు రెండే పలుకుతాయి. కార్డు పాడైందనుకుంటారు. రిపేరుకి తీసుకెళ్తారు. అక్కడా ఏ లోపమూ దొరకదు.

కారణం వినండి, దీన్ని ఎవరూ విడమర్చి చెప్పరు. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి సన్నదైతే ధార సన్నగానే వస్తుంది. ఆప్టికల్ కేబుల్ అలాంటి సన్న కుళాయి. కుదించని శబ్దమైతే అందులో రెండు ఛానెళ్లే, అంటే రెండు స్పీకర్ల శబ్దమే, పడతాయి. డిస్కులోని సినిమా శబ్దాన్ని ముందే డాల్బీ డిజిటల్ రూపంలో కుదించి ఉంచుతారు. అందుకే ఆరు ఛానెళ్లూ అందులో ఇమిడి వెళ్లిపోతాయి. ఆటలో అలా కాదు. మీరు ఎటు తిరిగితే అటు, శబ్దం అప్పటికప్పుడు తయారవుతుంది. దాన్ని ముందుగా ఎవరు కుదించి పెడతారు? అప్పటికప్పుడు కుదించేవాళ్లు ఉండాలి.

ఆ పని చేసే కార్డులున్నాయి. అట్ట మీద డాల్బీ డిజిటల్ లైవ్ అని గానీ, డీటీఎస్ కనెక్ట్ అని గానీ రాసి ఉంటుంది. మరోసారి చెబుతాను, రాసుకోండి. డాల్బీ డిజిటల్ లైవ్. లేదా డీటీఎస్ కనెక్ట్. ఉత్త డాల్బీ అని ఉంటే చాలదు. లైవ్ అనే మాట ఉండాలి. ఆప్టికల్ కేబుల్‌తో ఆటలో సరౌండ్ కావాలనుకునేవాళ్లు సౌండ్ కార్డులో వెతకాల్సిన మొదటి గుణం ఇదే.

మూడో దారి హెచ్‌డీఎంఐ. ఇది పెద్ద కుళాయి. కుదించకుండానే ఎనిమిది ఛానెళ్లు పడతాయి. మీ హోమ్ థియేటర్ రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే, గ్రాఫిక్స్ కార్డు నుంచి కేబుల్ నేరుగా రిసీవర్‌కి పెట్టండి. రిసీవర్ నుంచి టీవీకి పెట్టండి. అప్పుడు సౌండ్ కార్డే అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డే శబ్దాన్నీ మోసుకెళ్తుంది. ముందు టీవీకి పెట్టి, టీవీ నుంచి హోమ్ థియేటర్‌కి ఆప్టికల్ లాగితే మాత్రం మళ్లీ సన్న కుళాయి దగ్గరికే వస్తారు. రిసీవర్ ముందు, టీవీ తరవాత.

స్పీకర్ల గురించి నా మనసులోని మాట ఒకటుంది. మన ఇళ్లలో గదులు చిన్నవి. కంప్యూటర్ టేబుల్ ఒక గోడకి, మంచం ఇంకో గోడకి. కుర్చీ వెనక స్పీకరు పెట్టడానికి చోటుండదు. నేను చూసిన ఎన్నో ఇళ్లలో అయిదు స్పీకర్లూ మానిటర్ చుట్టూనే వరసగా పేర్చి ఉంటాయి. వెనకవి కూడా ముందే! అలా అయితే సరౌండ్ మాట మరిచిపోండి. వెనక స్పీకర్లు మీ భుజాల వరసకి కొంచెం వెనకగా, చెరోపక్కా ఉండాలి. పెట్టే చోటు ఉంటే కొనండి, నిజంగా ఆనందిస్తారు. చోటు లేకపోతే అదే డబ్బుతో మంచి స్పీకర్లు రెండు కొనండి, ఆటకి హెడ్‌ఫోన్స్ వాడండి. అయిదు నాసిరకం స్పీకర్ల కన్నా రెండు మంచివి ఎప్పుడూ మేలు. ఈ విషయంలో నేను మెత్తబడను.

ఇక కొంతమంది సౌండ్ కార్డు కోసం వెతికేది సరౌండ్ కోసం కాదు. గరగర భరించలేక. మౌస్ కదిలిస్తే చెవిలో సన్నగా గీరినట్టుంటుంది. ఆట మొదలై గ్రాఫిక్స్ కార్డు మీద భారం పడగానే జుయ్ మంటుంది. లేదా స్పీకర్లలో ఎప్పుడూ ఒక హమ్మింగ్. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. డబ్బు పెట్టే ముందు మూడు చిన్న పరీక్షలు చేయండి. మూడూ ఉచితమే.

హెడ్‌ఫోన్స్ పిన్నుని క్యాబినెట్ ముందు రంధ్రం నుంచి తీసి, వెనక ఆకుపచ్చ సాకెట్‌లో పెట్టండి. ముందు రంధ్రానికి వెళ్లే వైరు క్యాబినెట్ లోపల అన్నిటినీ ఒరుసుకుంటూ పోతుంది. కరెంటు గోల దానికి అంటుకుంటుంది. వెనక పెట్టగానే గరగర పోతే, మీ సౌండ్ కార్డు ఖర్చు మిగిలినట్టే.

పోలేదా? ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి చూడండి. హమ్మింగ్ ఆగిపోతే తప్పు సౌండ్‌ది కాదు, కరెంటుది. కంప్యూటర్ ఒక ప్లగ్గులో, స్పీకర్ల యాంప్లిఫయర్ గదికి అటువైపు ఇంకో ప్లగ్గులో ఉంటే ఇలా వస్తుంది. రెండిటినీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి ఇచ్చి చూడండి. ఇంటి ఎర్తింగ్ సరిగా ఉందేమో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి. హమ్మింగ్ పోతుంది కదా అని ఎవరైనా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటే దయచేసి వినకండి. ఆ పిన్ను మీ ప్రాణానికి కాపలా. దాని జోలికి వెళ్లకండి.

వెనక సాకెట్‌లో పెట్టినా, ఛార్జర్ తీసినా, ఒకే స్విచ్‌బోర్డు నుంచి ఇచ్చినా గరగర అలాగే ఉందా? అప్పుడు కొనండి. నా సలహా యూఎస్‌బీకి తగిలించే బయటి కార్డు. శబ్దం తయారయ్యే చోటు క్యాబినెట్ లోపలి కరెంటు గోలకి దూరంగా జరుగుతుంది. ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది, రేపు కంప్యూటర్ మార్చినా వెంట వస్తుంది. క్యాబినెట్ లోపల బిగించే కార్డులు ఇప్పటికీ మంచివే వస్తున్నాయి. కాకపోతే లోపల ఖాళీ స్లాట్ ఉందో లేదో ముందు మూత తీసి చూడండి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులు లావుగా ఉండి పక్క స్లాట్‌ని మూసేస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో పాత సౌండ్ బ్లాస్టర్ చవగ్గా వస్తోందని ఎగబడకండి. అది పాత పీసీఐ రకమైతే కొత్త మదర్‌బోర్డులో దూరనే దూరదు. దూరినా ఇప్పటి విండోస్‌కి డ్రైవర్ దొరకడం కష్టం.

ఖరీదైన స్టూడియో హెడ్‌ఫోన్స్ కొన్నవాళ్లు కూడా కార్డు వైపు చూస్తారు. అది న్యాయమే. మామూలు హెడ్‌ఫోన్స్ విద్యుత్ నిరోధం 32 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. స్టూడియోవి కొన్ని 250, 300 ఓమ్‌లు ఉంటాయి. వాటిని గట్టిగా పలికించాలంటే యాంప్లిఫయర్ ఉన్న కార్డు కావాలి. గుర్తు తేలిక. వాల్యూమ్ మొత్తం పెట్టినా శబ్దం నీరసంగా ఉంటే కావాలి. సగంలోనే చెవి నిండిపోతే అక్కర్లేదు.

కార్డు పెట్టె మీద 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ అని అంకెలుంటాయి. వాటికోసం డబ్బు పెంచకండి. మన చెవి వినగలిగేది దాదాపు 20 కిలోహెర్ట్జ్ వరకే. వయసు పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఆటలకి మదర్‌బోర్డు ఇచ్చే 48 కిలోహెర్ట్జ్ చాలు.

ఒక సంగతి పిల్లలతోనూ పెద్దలతోనూ కలిపి చెప్పాలి. అడుగులు వినిపించడం లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. అడుగులతో పాటు తుపాకి మోత కూడా పెరుగుతుంది. వారానికి 40 గంటలు వినే పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దాటకూడదని, పిల్లలకి ఆ హద్దు ఇంకా తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆట సెట్టింగుల్లో సంగీతం తగ్గించుకోండి. కొన్ని ఆటల్లో పెద్ద మోతల్ని అణచి చిన్న చప్పుళ్లని పైకి తెచ్చే నైట్ మోడ్ ఉంటుంది, అది పెట్టుకోండి. దిక్కు సరిగా తెలిసే ఏర్పాటు ఉంటే తక్కువ వాల్యూమ్‌లోనే అడుగులు దొరుకుతాయి. ఆట అయ్యాక చెవిలో గుయ్ మంటోందంటే ఎక్కువ పెట్టారన్నమాట.

ఇక చూపు లేని ఆటగాళ్లకి ఈ చప్పుళ్ల దిక్కులే ఆట. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగాన్ని చూపు అసలు లేనివాళ్లు కూడా మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగేలా చేశారు. వస్తువు ఎక్కడుందో, శత్రువు ఎటున్నాడో చప్పుళ్లే చెబుతాయి. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, మంచి హెడ్‌ఫోన్స్ మీద పెట్టే ఖర్చుకి వెనకాడకండి.

ఇంకో రకం శ్రోతలున్నారు. ఒక చెవి వినిపించనివాళ్లు. మీకు ఏ సౌండ్ కార్డూ, ఏ సరౌండూ దిక్కు సరిగా చెప్పలేదు. కుడీ ఎడమా తెలియడానికి రెండు చెవులూ కావాలి. ఆ డబ్బు దాచుకోండి. విండోస్‌లో యాక్సెసబిలిటీ కింద మోనో ఆడియో అనే మీట ఉంది. అది ఆన్ చేస్తే రెండు వైపుల శబ్దమూ కలిసి మీ మంచి చెవికి అందుతుంది, సినిమాలో సగం మాటలు పోవు. దిక్కు సంగతి అంటారా? ఫోర్ట్‌నైట్ లాంటి ఆటలో చప్పుళ్లని తెర మీద గుర్తులుగా చూపించే సెట్టింగ్ ఉంది. అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో, తుపాకి ఎటు పేలిందో ఆ వైపున గుర్తు వెలుగుతుంది. మీరు ఆడే ఆటలో అలాంటిది ఉందేమో సెట్టింగుల్లో ఆడియో పేజీ ఒకసారి పూర్తిగా కిందిదాకా చూడండి.